లూడింగ్ చేతి లుంపియా

ఆ మధ్యాహ్నం నెత్తిన తట్ట పెట్టుకుని పొరింగ్ ఇంటి గడప దాటానని చెప్పి ఆపాను కదా. దాటడమైతే దాటాను గానీ, నాలుగడుగులు వేయకముందే తట్ట ఎడమకు ఒరిగింది. నా కూతురు సాలింగ్ పరుగున వచ్చి పట్టుకోకపోతే ఆ రోజు సరుకంతా మా సిలాయ్ ఊరి బజారు వెనక సందులో కోళ్ళ పాలయ్యేది.

అప్పటికి మేము ఆ ఇంటికి వచ్చి పదకొండు రోజులు. పంచదార ధర పాతాళానికి పోయిన కాలం అది. మా ద్వీపంలో చెరకు తోటలున్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు కూలిపోతున్నారు. మా ఆయన అమాదో వానలు మొదలైనప్పుడు పోయాడు. వానలు తగ్గేలోగా తోటా, పెద్ద వీధిలోని పన్నెండు కిటికీల ఇల్లూ బ్యాంకు తీసేసుకుంది. బంధువులు ఓదార్పు ఉత్తరాలు రాశారు. మా దగ్గరికి వచ్చెయ్యండని ఒక్కరూ రాయలేదు. ఇంటికి తాళం పడిన రోజు రెండు పెట్టెలతో నేనూ నా కూతురూ వీధిలో నిలబడి ఉంటే, తొక్కుడు బండి మాట్లాడుకుని వచ్చింది పొరింగ్. ఇరవై రెండేళ్ళు మా వంటింట్లో పనిచేసిన మనిషి. రోజులు బాగాలేవని మూడేళ్ళ కిందట నేనే నెల జీతమూ ఒక పాత గొడుగూ చేతిలో పెట్టి పంపేసిన మనిషి.

"పెట్టెలెక్కించండి న్యోరా, ఎండెక్కుతోంది" అంది. నేనింకా అమ్మగారినే అయినట్టు ఆ న్యోరా పిలుపు. ఎందుకు వచ్చావని నేను అడగలేదు. అడిగితే ఆ వీధిలోనే ఏడుస్తానని భయం.

పొరింగ్ బతుకు తట్ట మీద. పొద్దున కూర పెట్టి లుంపియాలు చుడుతుంది, బెల్లం పెట్టి రొట్టెలు కాలుస్తుంది, మధ్యాహ్నం ఇంటింటికీ తిరిగి అమ్ముతుంది. మేము వచ్చాక రెండు తట్టలు మొదలుపెట్టింది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. నేను అరిటాకులు తుడిచేదాన్ని, గిన్నెలు తోమేదాన్ని, గుమ్మం దాటేదాన్ని కాదు. పదో రోజుకి ఆమె మోకాలు గుమ్మడికాయలా వాచింది. మా ఇద్దరి అన్నం ఆ మోకాలి మీదే కూర్చుందని తెలిశాక ఇక ఏ ముఖంతో ఇంట్లో ఉండను? తట్ట నేనే ఎత్తుకున్నాను.

"ఇటు రండి, మళ్ళీ చుడతాను" అంది పొరింగ్. నా నెత్తిన చుట్టకుదురు తీసి, ఇంకో చుట్టు బిగించి పెట్టింది. "మెడ బిగపట్టకండి. కాళ్ళకేసి చూడకండి. కాళ్ళ పని కాళ్ళకి తెలుసు."

"నా మెడ విరిగేలా ఉంది నాంగ్ పొరింగ్."

ఆమెను నాంగ్ అని, అంటే అక్కా అని పిలవడం నాకు ఆ పదకొండు రోజుల్లోనే అలవాటయింది. అంతకుముందు వట్టి పొరింగే. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది.

"విరగదులెండి. అన్ని నగలు మోసిన మెడ" అంది. సాలింగ్ పక్కుమని నవ్వింది. తండ్రి పోయాక ఆ పిల్ల నవ్వడం నేను వినడం అదే మొదటిసారి. ఆ నవ్వు కోసమైనా సందు చివరి దాకా నడవాలనుకున్నాను.

నేను ఇంట్లో కూర్చోమన్నా పొరింగ్ వినలేదు. సాలింగ్‌ని ఇంట్లో ఉంచి, చేతికర్ర పట్టుకుని కుంటుకుంటూ వెంట వచ్చింది. "దారి మీకు తెలుసు. గుమ్మాలు తెలియవు" అంది.

నిజమే. ఆ ఊళ్ళోనే పుట్టి యాభై రెండేళ్ళు బతికి, ఏ ఇంటివాళ్ళు వరండాలోకి రానిస్తారో, ఎవరు గేటు దగ్గరే నిలబెడతారో, ఎవరింట్లో కుక్క కరుస్తుందో నాకేం తెలుసు? నేను కారు దిగితే తలుపులు తెరుచుకునేవి. ఇప్పుడు పొరింగ్ చెబుతూ ఉంటే ఊరు నాకు కొత్తగా పరిచయమవుతున్నట్టు ఉంది. "ఆ టైలరమ్మ ముందు బేరమాడుతుంది, తర్వాత రెండు ఎక్కువ కొంటుంది. ఆ నీలం తలుపు వాళ్ళు ఊరికే వాసన చూసి పంపేస్తారు, పోవద్దు. ఇక్కడ అరవండి."

"ఏమని అరవను?"

"లుంపియా అని. ఇంకేమని?"

నోరు తెరిచాను. పిల్లికూన అరిచినంత గొంతు వచ్చింది.

"ఏం న్యోరా, భోజనాల గదిలోంచి వంటింట్లోకి వినబడేలా నన్ను పిలిచిన గొంతేనా ఇది?" అంది పొరింగ్. నాకు రోషం వచ్చింది. "లుంపియా!" అని అరిచాను. రెండిళ్ళ అవతల కుక్క మొరిగింది.

మొదట కొన్నది ఎవరో చెప్పాలి. పక్క సందులో రేకుల ఇంటి ముందు బట్టలు ఆరేస్తున్న సన్నటి మనిషి నన్ను చూసి చేతిలో బట్ట అలాగే పట్టుకుని నిలబడిపోయింది. మా తోటలో చెరకు కొట్టిన లూకాస్ భార్య. పేరు నాకు తెలియదు. మా తోటలో పుట్టి మా తోటలో పెళ్ళి చేసుకున్న మనిషి పేరు నాకు తెలియదు. కోత లేని నెలల్లో ఆ కొట్టాల్లో పిల్లలు ఉప్పునీళ్ళతో అన్నం తిన్నారని విన్నప్పుడు నేను చర్చికి ఒక బియ్యం బస్తా పంపి, చేయాల్సింది చేశానని నిద్రపోయాను. ఇప్పుడు ఆమె నన్నేమైనా అంటుందని అనుకున్నాను. అనాలి కూడా.

ఆమె లోపలికి వెళ్ళి ఒక ముక్కాలిపీట తెచ్చి నీడలో వేసింది. "కూర్చోండి న్యోరా. మొదటి రోజు మెడ నరాలు లాగేస్తాయి" అని గ్లాసుతో నీళ్ళిచ్చింది. ఒక బెల్లం రొట్టె కొని, మూడు ముక్కలు చేసి పిల్లలకు పంచింది. నీళ్ళు తాగి గ్లాసు ఇచ్చేటప్పుడు అడిగాను, "నీ పేరేమిటమ్మా?"

"బసిలిసా."

అప్పటి నుంచి ఇప్పటి దాకా ఆ పేరు తలుచుకోకుండా నేను ఏ రోజూ ప్రార్థన ముగించలేదు.

మూడింటికి పెద్ద వీధి మలుపు దగ్గరికి వచ్చాం. అటూ ఇటూ ఎత్తైన ఇళ్ళు, గవ్వల పలకల కిటికీలు, నీడనిచ్చే వరండాలు. ఆ వేళకి నిద్రలు లేచి, మొహాలు కడుక్కుని, ఏదైనా తినాలని అందరికీ అనిపించే సమయం. తట్టలో సరుకు అమ్ముడయ్యేది అక్కడే. నా కాళ్ళు ఆగిపోయాయి.

"తట్ట ఇటివ్వండి. ఆ నాలుగిళ్ళూ నేను తిరిగొస్తాను. మీరిక్కడ చర్చి అరుగు మీద కూర్చోండి" అంది పొరింగ్.

ఆమె మోకాలికేసి చూశాను. వాపు పాదం దాకా దిగింది. "పద" అన్నాను.

మొదటి ఇల్లే చాబెంగ్‌ది. బళ్ళో ఒకే బల్ల మీద కూర్చున్నాం, ఒకే ఏడు పెళ్ళిళ్ళు చేసుకున్నాం. ప్రతి గురువారం ఆమె వరండాలో బిళ్ళలతో మాజాంగ్ ఆట ఆడేవాళ్ళం. ఆ రోజు గురువారమని నాకు తట్టనే లేదు. ఏ వారమో గుర్తుండటం లేదు. మెట్ల కింద నిలబడేసరికి పైనుంచి బిళ్ళల గలగల వినిపించింది.

"ఎవరూ?" అంది చాబెంగ్ గొంతు.

"లుంపియా" అన్నాను.

బిళ్ళల చప్పుడు ఆగిపోయింది. నా గొంతు వాళ్ళకి తెలుసు. నలుగురూ పిట్టగోడ మీంచి తొంగి చూశారు. నాలుగో మనిషి, నేను కూర్చునే చోట ఆడుతున్నది, ఎవరో కోడలుపిల్ల.

"ఓరి దేవుడా! లూడింగ్, పైకి రా! ఆ తట్ట దించు ముందు!" చాబెంగ్ ఏకంగా మెట్లు దిగి వచ్చేసింది. తట్ట నా నెత్తి మీంచి తనే దించబోయి, బరువు తెలియక తూలింది. పొరింగ్ కర్ర వదిలేసి పట్టుకుంది. ఇద్దరం పైకి చేర్చాం. పొరింగ్ మళ్ళీ దిగిపోయి మెట్ల కింద నిలబడింది, ఎప్పుడూ నిలబడే చోట.

ముందు మాట మిలాగ్రింగ్ అందుకుంది. ఆమె నోరు మా అందరికీ అలవాటే. "బాగా సన్నబడ్డావు లూడింగ్. నడక మంచిదట. మా డాక్టరు నన్నూ నడవమంటున్నాడు."

"రేపట్నించి వచ్చెయ్ మిలా. ఇంకో తట్ట ఇప్పిస్తాను" అన్నాను. నా నోట ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. పదకొండు రోజులు పొరింగ్ పక్కన ఉన్న ఫలితం కావచ్చు. చాబెంగ్ నవ్వాపుకుని ఒక లుంపియా తీసి కొరికింది.

కళ్ళు మూసుకుంది. "అదే. అదే చెయ్యి! నీ ఇల్లు పోయినా నీ చెయ్యి పోలేదు లూడింగ్. దేవుడు దాన్ని వదిలేశాడు నీకు."

మిగతా ముగ్గురూ చేతులు చాచారు. కొబ్బరి మొవ్వు సన్నగా తరిగి, రొయ్యలతో ఉడికించి, పలచటి గుడ్డు పొరలో చుట్టిన ఆ లుంపియా సిలాయ్‌లో మా ఇంటి పేరు మీద నడిచేది. 'లూడింగ్ చేతి లుంపియా' అనేవారు. మనీలా నుంచి ఒక పత్రికావిడ వచ్చి ఫోటో కూడా వేసింది. ఆ రోజే ఇస్త్రీ చేయించిన వంట ఏప్రన్ కట్టుకుని నేను పళ్ళెం పట్టుకున్నాను. ఫోటోలో పడకుండా పక్కకి జరగమని పొరింగ్‌కి సైగ చేశాను. ఆమె జరిగింది.

"విను" అంది చాబెంగ్ నా చెయ్యి పట్టుకుని. "నేను ఎన్ని రోజుల నుంచి నీకోసం వెతికిస్తున్నానో తెలుసా? నువ్వెక్కడున్నావో ఎవరూ చెప్పరు. మా అమ్మాయి తెసా పెళ్ళి ఇంకో మూడు వారాల్లో. నాలుగు వందల మంది. వాళ్ళందరికీ నీ లుంపియా పెట్టాలి. బల్ల మీద నీ పూర్తి పేరుతో కార్డు కూడా పెట్టిస్తాను, 'దోన్యా లుదొవీనా అల్తమీరా స్వహస్తాలతో' అని. మా తోటలో అతిథుల ఇల్లు ఖాళీగానే ఉంది. నువ్వూ సాలింగూ వచ్చేయండి. తట్ట మోసే ఖర్మ నీకెందుకు? అడిగినవాళ్ళకి మా లూడింగ్ సరదాకి చేస్తోందని చెబుతాను. గురువారం గురువారం ఇక్కడ కూర్చుంటావు. ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు."

చల్లటి వరండా. నా కుర్చీ. నా కూతురికి కిటికీ ఉన్న గది. అన్నిటికన్నా మించి, ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదన్న ఆ మాట. చాబెంగ్ ప్రేమగానే అంది, అందులో అబద్ధం లేదు. పడిపోయినవాళ్ళకి చెయ్యి అందించడం ఎలాగో ఆమెకి తెలిసిన పద్ధతి అదే. ఆ క్షణానికీ ఆమెకి నేను రుణపడే ఉన్నాను.

"కాకపోతే ఒక్కటి" అంది గొంతు తగ్గించి. మెట్ల వైపు చూసింది. "ఆ మనిషిని తీసుకురాకు. వీధుల్లో అమ్ముకునేది కదా, ఆమె తట్టలోవి మా పనివాళ్ళే కొనుక్కుంటారు, పెళ్ళింట్లో బాగోదు. నీకు సాయానికి మా వంటవాళ్ళు ఉంటారు. నువ్వు నిలబడి చెప్పు, వాళ్ళు చేస్తారు."

నేను నిలబడి ఏం చెప్పాలి?

మెట్ల కింద పొరింగ్ కర్రకి ఆనుకుని ఒంటికాలి మీద నిలబడి ఉంది. ఈ మాటలన్నీ వినబడుతున్నాయి. ఆమె పైకి చూడలేదు. ఎదురింటి గోడ మీద పిల్లిని చూస్తోంది. ఇరవై రెండేళ్ళు మా భోజనాల గది తలుపు పక్కన నిలబడి, అందరూ నన్ను పొగుడుతుంటే అలాగే ఏ గోడకేసో చూసేది.

"చాబెంగ్" అన్నాను. "నాకు లుంపియా చేయడం రాదు."

"ఛ, ఊరుకో. సిగ్గు పడకు. చేసి ఇచ్చినందుకు..."

"సిగ్గు కాదే. రాదు. ఎప్పుడూ రాలేదు. మొన్న పొరింగ్ చూపించేదాకా కొబ్బరి మొవ్వు ఏ వైపు నుంచి తరగాలో కూడా నాకు తెలియదు. ఇన్నేళ్ళూ మీరు తిన్నవన్నీ ఆమె చేసినవే. నేను పళ్ళెం మాత్రం పట్టుకున్నాను."

మాజాంగ్ బల్ల దగ్గర ఒక బిళ్ళ ఎవరి చేతిలోంచో జారి నేల మీద దొర్లింది. ఎవరూ వంగి తీయలేదు.

"పత్రికలో ఫోటో..." అంది కోడలుపిల్ల.

"అబద్ధం."

మిలాగ్రింగ్‌కి ఇంతకన్నా మంచి గురువారం రాలేదనుకుంటాను. పొట్ట పట్టుకుని నవ్వింది. చాబెంగ్ నవ్వలేదు. ఆమె మొహం ముందు తెల్లబడి, తర్వాత ఎర్రబడింది.

"మరి నాకు రాసిచ్చావు కదే! నీ చేత్తో, నీ అక్షరాలతో! మొవ్వుని రాత్రంతా నిమ్మరసంలో నానెయ్యాలని!"

నేను తల దించుకున్నాను. ఆ కాగితం నాకు గుర్తుంది. ఆమె పట్టుబట్టి అడిగితే, వంటింట్లోకి వెళ్ళి పొరింగ్‌ని అడగడానికి నామోషీ అనిపించి, నా బుర్రకి తోచింది రాసిచ్చాను.

"అది నేను కల్పించాను చాబెంగ్."

"కల్పించావా? పన్నెండేళ్ళు చేయించానే అలాగే! పుల్లగా, చేదుగా, గడ్డి నమిలినట్టు! నీకు వచ్చింది వీళ్ళకి రాదని, నీ మాట నమ్మి ఇద్దరు వంటమనుషుల్ని పంపేశాను! పాపం ఎస్కొలాస్తికా కాళ్ళు పట్టుకుని ఏడ్చింది, 'మీరు చెప్పినట్టే చేశాను న్యోరా' అని!"

ఆ మాటతో మిలాగ్రింగ్ నవ్వు కూడా ఆగిపోయింది.

ఇల్లు పోయిన రోజు పడిపోయాననుకున్నాను. కాదు. ఆ రోజు నా చేతుల్లో ఇంకా ఒకటి మిగిలి ఉంది, నాది కాని పేరు. చాబెంగ్ వరండాలో దాన్ని కూడా వదిలేశాను. తర్వాత విచిత్రంగా నా మెడ నొప్పి తగ్గింది. ఇలా చెబితే నమ్ముతారో లేదో.

"నన్ను తిట్టు" అన్నాను. "ఎస్కొలాస్తికా ఎక్కడుందో చెప్పు, వెళ్ళి ఆమె తిట్లు కూడా తింటాను. కానీ పెళ్ళికి నాలుగు వందల మందికి లుంపియా కావాలంటే అడగాల్సింది నన్ను కాదు. ఆమె కింద నిలబడి ఉంది. మోకాలు బాగాలేదు."

చాబెంగ్ చాలాసేపు నాకేసి చూసింది. చిన్నప్పుడు నేను ఆమె పెన్సిలు విరగ్గొట్టి ఒప్పుకున్నప్పుడు కూడా ఇలాగే చూసింది. అప్పుడు కొట్టింది. ఇప్పుడు లేచి, పిట్టగోడ దగ్గరికి వెళ్ళి వంగింది.

"పొరింగ్! నిమ్మరసంలో నానెయ్యాలా వద్దా?"

కింద పొరింగ్ పిల్లి మీంచి చూపు తిప్పింది. "నిమ్మరసం ఎందుకమ్మా? మొవ్వుకి నీళ్ళే తగలకూడదు. రొయ్యల తలకాయలు దంచి, ఆ రసంలో ఉడకాలి."

"ఇన్నేళ్ళూ ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

"నన్నెవరు అడిగారమ్మా?"

చాబెంగ్ కళ్ళు తుడుచుకుందో, చెమటే తుడుచుకుందో నాకు తెలియదు. "పైకి రా" అంది. పొరింగ్ ఒక్కో మెట్టూ కర్ర పోటేసుకుంటూ ఎక్కింది. నేను వెళ్ళి చెయ్యి అందిస్తే తీసుకుంది. చాబెంగ్ పేము కుర్చీ ఒకటి జరిపింది. అందులో కూర్చోవడం ఎలాగో తెలియనట్టు పొరింగ్ అంచున ఆనింది. మరుక్షణం మోకాలు చాపి, హాయిగా వెనక్కి వాలింది. "బాగుంది కుర్చీ" అంది. నాకు నవ్వొచ్చింది, చాబెంగ్‌కీ వచ్చింది. కాసేపటికి వరండా అంతా నవ్వులే. మిలాగ్రింగ్ తన గ్లాసులోని చల్లటి నిమ్మపానకం ఆమె ముందు పెట్టింది. పెట్టి, "దీనిలో మాత్రం నిమ్మరసం ఉంది" అంది.

"నాలుగు వందల మందికి చెయ్యగలవా?" అడిగింది చాబెంగ్.

"చెయ్యగలను. ఇంకో నాలుగు చేతులు కావాలి. సాలింగ్‌వి రెండు. ఈవిడవి రెండు. ఈవిడ చుట్టడం ఇంకా వంకరే, మూడు వారాల్లో నేర్పిస్తాను" అని నాకేసి చూసింది. "కార్డు మీద పేరేమీ వద్దమ్మా. తినేవాళ్ళు కార్డు చదవరు."

"కార్డు ఉంటుంది" అంది చాబెంగ్. "పొరింగ్ అంటే పొర్ఫిరియా కదా, ఇంటిపేరేమిటి నీది?"

పొరింగ్ చెప్పింది. సుమ్‌బింగో. ఇరవై రెండేళ్ళలో నేనెప్పుడూ వినని పేరు.

తట్టలో మిగిలినదంతా కొనేసి, మేము తిరిగి వెళ్ళేటప్పుడు అతిథుల ఇంటి మాట చాబెంగ్ మళ్ళీ ఎత్తింది. ఈసారి మెల్లగా అడిగింది. "నువ్వు అక్కడ ఉండగలవా లూడింగ్, ఆ బజారు వెనక?"

"ఆమె ఉండమంటే ఉంటాను" అన్నాను.

"నేనేం అనడంలేదు" అంది పొరింగ్, ఖాళీ తట్ట నా చేతిలో పెడుతూ. "ఇరవై రెండేళ్ళు మీ ఇంట్లో నేను అన్నం తిన్నాను. పదకొండు రోజులు మీరు తింటే ఏమయిపోయింది? గిన్నెలు మాత్రం ఇంకొంచెం బాగా తోమండి."

ఎందుకు వచ్చావని ఆ రోజు వీధిలో నేను అడగలేకపోయిన ప్రశ్నకి అదే ఆమె చెప్పిన సమాధానం. నేను చాబెంగ్ ఎదురుగానే, ఆ నలుగురి ఎదురుగానే ఆమె చెయ్యి తీసుకుని నుదుటికి ఆన్చుకున్నాను. మా ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గర పిల్లలు చేసినట్టు. ఆమె చెయ్యి వెల్లుల్లి వాసన వేసింది. "ఇదేంటి న్యోరా, అందరూ చూస్తున్నారు" అని లాక్కోబోయింది. "చూడనీ" అన్నాను.

మెట్లు దిగుతుండగా చాబెంగ్ వెనక నుంచి పిలిచింది. ఏదో చెప్పాలనుకుని, చెప్పలేక ఆగుతున్న పిలుపు అది.

"లూడింగ్, ఒక్క నిమిషం. వంట ఎక్కడో నీకు చెప్పలేదు."

"ఎక్కడ? ఇక్కడే కదా?"

"నాలుగు వందల మందికి మా ఇల్లు చాలదు. పెళ్ళికొడుకు వాళ్ళ ఇంట్లో విందు." భుజం మీది శాలువా లాక్కుంది, ఆ ఎండలో. "వాళ్ళ నాన్నది బకోలోద్ పట్నంలో లారీల వ్యాపారం. కింది నుంచి పైకి వచ్చినవాళ్ళు. పెళ్ళికని మన ఊళ్ళో పెద్ద ఇల్లు కొన్నారు. బ్యాంకు దగ్గర్నుంచి. నిన్ననే తాళాలు తీసుకున్నారు."

అడగక్కర్లేకుండానే తెలిసిపోయింది. వీధి చివర, రెండు కొబ్బరి చెట్ల మధ్య నుంచి, పన్నెండు కిటికీలు కనిపిస్తున్నాయి. పదకొండు రోజులుగా మూసి ఉన్నవి. ఇప్పుడు నాలుగు తెరిచి ఉన్నాయి. నేను పెళ్ళికూతురిగా వచ్చిన గదిలో ఎవరో కొత్త తెరలు కడుతున్నారు.

"నీకు ఇష్టం లేకపోతే రావద్దు" అంది చాబెంగ్. "పొరింగ్‌కి ఇంకెవరినైనా సాయం ఇస్తాను. వాళ్ళు వంటవాళ్ళని ముందు వాకిట్లోంచి రానివ్వరు లూడింగ్. ఆ ఇంటావిడ ఇలాంటివి పట్టించుకునే మనిషి. నిన్ను చూస్తే ఏమంటుందో కూడా చెప్పలేను. రేపు పొద్దున వంటిల్లు చూడ్డానికి రమ్మంది."

పొరింగ్ నాకేసి చూడలేదు. మళ్ళీ ఎదురు గోడ మీద పిల్లిని వెతుక్కుంటోంది. నా సమాధానం ఏదైనా సరేనన్నట్టు.

నేను చుట్టకుదురు నెత్తిన సర్దుకుని తట్ట పెట్టుకున్నాను. ఈసారి ఒరగలేదు.

"నాంగ్ పొరింగ్" అన్నాను. "ఆ ఇంటి వెనక గేటు ఏ సందులోంచి? నేనెప్పుడూ అటు వెళ్ళలేదు."